రామతీర్థం దారిలో మా బిడారు

“మామూ, ఏ కంపెనీ బండి తీసుకోమంటారు?”

గత శీతాకాలంలో మా మేనల్లుడు ఈ ప్రశ్న వేసినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ముప్పై యేళ్ళుగా మదరసాలో పిల్లలకు అరబ్బీ వ్యాకరణమూ హదీసూ బోధిస్తున్న వాడికి మోటారు బండ్ల మంచిచెడులు ఏమి తెలుస్తాయి? కానీ అతడు అడుగుతున్నది మామూలు బండి గురించి కాదు, చక్రాల మీది ఇంటిని గురించి. ఆ ఇంట్లో మొట్టమొదట ప్రయాణించవలసినది మా అమ్మీ. అందువల్ల సమాధానం చెప్పవలసిన బాధ్యత నాపైన పడింది.

మేనల్లుడు తొమ్మిదేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. చలికాలం రాగానే అక్కడి కుటుంబాలు ఎడారికి వెళ్ళి గుడారాలు వేసుకుంటాయి. కొందరు గుడారానికి బదులు కారవాన్లు తీసుకువెళతారు. అతని ఫోనులో వాటి ఫొటోలు ఎన్నో ఉన్నాయి. జర్మనీ వారి హాబీ, ఫెంట్, ఇంగ్లాండు వారి బెయిలీ, స్విఫ్ట్, వెండి గిన్నెలా మెరిసే అల్యూమినియం ఒంటితో అమెరికా వారి ఎయిర్‌స్ట్రీమ్. వీటికి సొంత ఇంజను ఉండదు. కారు వెనుక తగిలించి లాగుకుపోవాలి. చేరిన చోట కారును విడదీసి ఊరంతా తిరిగి రావచ్చు, ఇల్లు ఉన్నచోటనే ఉంటుంది.

“మన దేశంలో ఇవి నడవవు మామూ” అన్నాడు తనే. “వెనుక అంత పొడుగు పెట్టెతో మన ఊరి సందుల్లో మలుపు తిప్పలేం. నిలుపుకోవడానికి స్థలమూ, కరెంటూ, నీళ్ళూ ఇచ్చే పార్కులు వాళ్ళకు ఊరూరా ఉంటాయి. మనకు ఎక్కడున్నాయి? ఇక్కడ వ్యాను లోపలే ఇల్లు కట్టించుకోవాలి.” తాను కూడబెట్టిన సొమ్ముతో అటువంటి బండి ఒకటి విజయవాడ ఆటోనగర్‌లో తయారు చేయించి, కుటుంబాలకు అద్దెకు ఇవ్వాలని అతని సంకల్పం. నన్ను కొంత సొమ్ము కలపమన్నాడు. “తొలి ప్రయాణం మాత్రం నానీదే” అన్నాడు.

ఆ మాటకు కారణం ఉంది. మా అమ్మీకి 78 ఏళ్ళు. పుట్టింది విజయనగరం జిల్లాలో, రామతీర్థానికి చేరువలోని ఒక పల్లెలో. ఆమె అక్క, మా పెద్ద ఖాలా, నేటికీ ఆ పల్లెలోనే ఉంది. మేము విజయవాడలో స్థిరపడ్డాము. ఇద్దరి మధ్య దూరం దాదాపు 400 కిలోమీటర్లు. మోకాళ్ళు అరిగిపోయిన అమ్మీ రైలు మెట్లు ఎక్కలేదు, స్టేషనులో వంతెన దాటలేదు. రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళికి కారులో తీసుకువెళ్ళాము. దారి పొడవునా ఆమె చుక్క నీరు తాగలేదు. ఎందుకంటే ఆమెకు చక్కెర వ్యాధి ఉంది, నీరు తాగితే గంటకొకసారి దిగాలి. హోటళ్ళలో, పెట్రోలు బంకుల్లో ఉండే మరుగుదొడ్లలో చాలావాటిలో ఆమె కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. సీటు పక్కన పెట్టిన నీళ్ళ సీసా పెట్టినట్టే ఇంటికి తిరిగి వచ్చింది. మరునాడు జ్వరంతో ఆసుపత్రిలో చేర్చాము. మూత్రాశయంలో సూక్ష్మక్రిములు చేరాయని, నీరు తాగకపోవడం వల్ల ఒళ్ళు ఎండిపోయిందని డాక్టరు మందలించారు. ఆనాటి నుంచి అమ్మీ ప్రయాణం ఊసెత్తలేదు. అక్కాచెల్లెళ్ళు ఫోనులోనే మాట్లాడుకునేవారు. ఖాలాకు చెవుడు ముదిరిన తరువాత అదీ తగ్గిపోయింది.

పాఠకులు తమ ఇళ్ళను ఒకసారి గుర్తుచేసుకోండి. ప్రయాణం రోజు ఉదయం నుంచీ నీళ్ళు తాగడం మానేసే తల్లులు, భార్యలు, ఆడపిల్లలు ఎంతమంది? ఆ సంగతి వారు మనకు చెప్పరు. మనం అడగము.

మేనల్లుడి ప్రశ్నతో నేను పుస్తకాల వైపు తిరిగాను, నాకు తెలిసిన దారి అదే కనుక. బిడారు అన్న తెలుగు మాట మనకు ఉండనే ఉంది. అరబ్బీలో ఖాఫిలా అంటారు. దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాలో, బావిలో పడి ఉన్న బాలుడైన యూసుఫ్ (అలైహిస్సలాం)ను పైకి తీసిన బాటసారుల బృందానికి సయ్యారా అన్న పదం వచ్చింది. నేటి అరబ్బులు కారును పిలిచేది ఆ మాటతోనే. పారశీకుల కార్వాన్ ఆంగ్లంలోకి పోయి కారవాన్ అయింది. దాని చివరి ముక్కే మనం రోజూ అనే వ్యాన్. కనుక వ్యానులో ఇల్లు కట్టడమంటే ఆ మాటను దాని పుట్టింటికి చేర్చడమే. నహ్ల్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, నిలకడగా ఉండే ఇళ్ళతో పాటు, పయనించే రోజునా మజిలీ చేసే రోజునా తేలికగా ఉండే తోలు గుడారాలను కూడా ప్రస్తావిస్తాడు. ప్రయాణపు ఇంటికి ఉండవలసిన మొదటి లక్షణం ఏమిటో అక్కడ తెలిసింది: తేలికగా ఉండడం.

ఈ కాలపు కారవాను పుట్టుక గురించి మేనల్లుడు చెప్పిన సంగతి కూడా నాకు నచ్చింది. 1885లో ఇంగ్లాండులో గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు విహారం కోసం రెండు గుర్రాలు లాగే ఇంటి బండి చేయించుకున్నాడు. దానికి వాండరర్ అని పేరు. ఆ తరువాత 1931లో జర్మనీలో ఆరిస్ట్ డెత్‌లెఫ్స్ అనే వ్యాపారి కారు లాగే ఇంటిని తయారు చేశాడు. కొరడాలు, మంచు మీద జారే ఆటకు కావలసిన కర్రలు చేసి అమ్మే కుటుంబం వారిది. అమ్మకాల కోసం అతడు వారాల తరబడి ఊళ్ళు తిరగవలసి వచ్చేది. అతని భార్య ఫ్రిడెల్ చిత్రకారిణి. తానూ వెంట వస్తానని ఆమె కోరడంతో ఆ ఇల్లు తయారైంది. అంటే మొదటిది ఒంటరి మగవాని విలాసం, రెండవది ఇంటివారిని వదిలి వెళ్ళకూడదన్న తలంపు. మనకు కావలసినది రెండవది.

కొనే ముందు చూడాలి కదా అని, అర్ధసంవత్సర పరీక్షల సెలవులలో మూడు రోజులకు ఒక కారవాను అద్దెకు తీసుకున్నాము. అది ఏ కంపెనీ బండో, ఎవరు అద్దెకు ఇచ్చారో ఇక్కడ చెప్పను. నేను చెప్పబోయే ఇబ్బంది వారొక్కరిదే కాదు, అటువంటి బండ్లు చాలావాటిలో ఉండేదే. అమ్మీ, మా ఆపా, నా శ్రీమతి, మా చిన్నమ్మాయి, నేను ఎక్కాము. మేనల్లుడు నడిపాడు. ఫజ్ర్ నమాజు ముగించుకుని విజయవాడలో బయలుదేరాము.

అమ్మీని ఎక్కించడమే మొదటి పరీక్ష అయింది. తొలి మెట్టు నేల మీది నుంచి నా జానతో మూడు జానల ఎత్తున ఉంది. ఆమె కాలు అంత ఎత్తు లేవలేదు. నేను ఒక చేయి, మేనల్లుడు ఒక చేయి పట్టి ఆమెను పైకి లేపాము. ఆమె ఏమీ అనలేదు. లోపల కూర్చున్నాక కొంగు సవరించుకుని, చాలాసేపు కిటికీలో నుంచి బయటికే చూస్తూ ఉండిపోయింది.

అయితే బండి కదిలిన తరువాత పరిస్థితి మారింది. ఏలూరు దాటగానే మా ఆపా ఆమెకు వెనుక ఉన్న చిన్న బాత్రూం చూపించింది. కుర్చీలా కూర్చునే దొడ్డి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, చేతికి అందే కొళాయి. బండి ఆపించి ఒకసారి వెళ్ళి వచ్చింది. ఆ తరువాత తనే సీసా మూత తీసి నీళ్ళు తాగింది. గోదావరి వంతెన చేరేసరికి సీసా సగమైంది. తునికి ముందు జొహ్ర్, అస్ర్ నమాజుల కోసం ఆగినప్పుడు అది ఖాళీ. స్త్రీలు కిటికీ తెరలు దించుకుని లోపలే వుజూ చేసుకుని నమాజు చేసుకున్నారు. మేము మామిడి చెట్టు కింద చాపలు పరచుకున్నాము. “ప్రయాణంలో నమాజు ఇంత స్థిమితంగా చేసుకున్నది ఇదే మొదటిసారి” అని నా శ్రీమతి అన్నప్పుడు నాకు సంతోషంతో పాటు కొంత సిగ్గు కూడా కలిగింది. మా వివాహమై ముప్పై యేళ్ళు కావస్తోంది.

మధ్యాహ్నం తరువాత మరొక లోపం బయటపడింది. వెనుక చక్రాలకు ఆవల అమర్చిన సీటులో కూర్చున్న మా అమ్మాయికి కడుపులో తిప్పింది. గతుకు వచ్చినప్పుడు వెనుక భాగం ఎగిరి పడుతోంది. రెండు ఇరుసుల నడుమ కూర్చున్న అమ్మీకి ఆ బాధ లేదు. అమ్మాయిని ముందుకు మార్చి వేగం తగ్గించమన్నాను. స్త్రీలున్న ఒంటెలను హుషారుగా తోలుతున్న అంజషాను, గాజుపాత్రలను మోసుకుపోతున్నట్టు మెల్లగా నడపమని దైవప్రవక్త (స) హెచ్చరించిన వృత్తాంతం మేనల్లుడికి చిన్నప్పుడు నేనే చెప్పాను. అతడికి గుర్తుంది. “గాజులు ఉన్నాయి మామూ, తెలుసు” అని నవ్వి, మెల్లగా నడిపాడు.

తగరపువలస వద్ద గోస్తని దాటి, విజయనగరం చేరేసరికి మగ్రిబ్ వేళ అయింది. అక్కడి నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం సుమారు 12 కిలోమీటర్లు. నెల్లిమర్ల రాగానే అమ్మీ లేచి కూర్చుంది. చంపావతి ఒడ్డున ఉన్న ఈ ఊరి జూట్‌మిల్లులోనే మా ఖాలూ జీవితమంతా పనిచేశారు. గోగునార వాసన అంటిన ఆయన చొక్కా తన చిన్నతనపు జ్ఞాపకాలలో ఒకటని మా ఆపా అంది. చీకట్లో తాటిచెట్ల వరుసలు, కళ్ళాల్లో వరికుప్పలు, వాటి వెనుక నల్లని బండల్లా మూడు కొండలు కనిపించాయి. బోడికొండ, ఘనికొండ, గురుభక్తులకొండ. “వచ్చేశాం” అంది అమ్మీ, ఇంకా ఎవరూ చెప్పకముందే.

కొండల పాదాన ఉన్న ఈ ఊరు హిందూ సోదరులకు పుణ్యక్షేత్రం. మహాశివరాత్రికి ఇక్కడ పెద్ద జాతర జరుగుతుంది. మా నానా, అంటే అమ్మీ తండ్రి, ఆ జాతరలో గాజుల దుకాణం పెట్టేవారు. ఊరి నుంచి గూడుబండిలో గాజుల పెట్టెలు, వంట సామగ్రి, భార్యాపిల్లలు అందరూ వచ్చేవారు. జాతర ముగిసేదాకా ఆ గూడుబండే వారి ఇల్లు. పగలు దాని నీడన బేరం, రాత్రి దాని లోపల స్త్రీల పడక, దాని కింద మగవారి పడక. చేతికి గాజులు తొడిగించుకున్న వారెవరూ ఆయన మతం అడగలేదట. చెయ్యి నొప్పి పెట్టకుండా తొడుగుతాడా లేదా అన్నదే అడిగేవారట.

పల్లెకు చేరి, ఖాలా ఇంటి ముందు చింతచెట్టు కింద బండి నిలిపాము. కర్ర పట్టుకుని ఖాలా బయటికి వచ్చింది. ఆమెకు 83 ఏళ్ళు. మేనల్లుడు తలుపు తీశాడు. దిగుదామని అమ్మీ మెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ఎక్కడం కంటే దిగడం కష్టం. కాలి కింద నేల కనిపించదు, మోకాలు వంగదు. పగలంతా ప్రయాణం చేసిన ఒళ్ళు. ఆమె మెట్టు మీదే కూలబడింది. “అక్కను పైకి తీసుకురండి” అంది.

మేము ఖాలా చేతులు పట్టుకోబోయాము. ఆమె కర్ర అడ్డం పెట్టింది. “నాను ఎక్కను బాబూ. మూటలాగ ఎత్తి పడేస్తే ఎక్కీది మూటే గానీ మనిసి కాదు.”

నాలుగు వందల కిలోమీటర్లు దాటి వచ్చాము. అక్కాచెల్లెళ్ళ మధ్య మిగిలినది మూడు జానల ఎత్తు. ఒకరు దిగలేరు, ఒకరు ఎక్కరు. ఖాలాకు వినపడదు కనుక అమ్మీ మాటలు ఆమె చెవికి చేరడం లేదు. నేను నిస్సహాయంగా నిలబడ్డాను. కోట్లు ఖరీదు చేసే విదేశీ బండి అయినా ఆ క్షణంలో మాకు చేయగలిగినది ఏమీ లేదు, దాని మెట్టు గనుక అంతే ఎత్తున ఉంటే.

ఎదురింటి రైతు ఇదంతా చూస్తున్నాడు. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, ఒక వెడల్పాటి బల్ల తెచ్చి మెట్టు ముందు వేశాడు. దాని ముందు నాలుగు ఇటుకలు పేర్చాడు. కదలకుండా ఉన్నదా అని తానే ఎక్కి తొక్కి చూశాడు. మూడు జానల ఎత్తు జానెడు, జానెడు మెట్లుగా విడిపోయింది. ఖాలా కర్ర నాకిచ్చి, తలుపు పక్కనున్న కడ్డీ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ తనంతట తాను ఎక్కింది. ఎక్కి చెల్లెలి పక్కన కూర్చుని, ఆమె ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. మేము దూరంగా వెళ్ళిపోయాము.

ఖైబర్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు దైవప్రవక్త (స) ఒంటె పక్కన కూర్చుని, తన మోకాలు ముందుకు పెట్టారని, హజ్రత్ సఫియ్యా (రజి) ఆ మోకాలిపై పాదం మోపి ఒంటె ఎక్కారని సహీహ్ బుఖారీలో ఉంది. ఆ హదీసును నేను ఎన్నో సంవత్సరాలు బోధించాను. భార్య పట్ల ఆదరణ అని, వినయమని వివరించాను. అది మెట్టు గురించిన హదీసు కూడా అని నాకు ఆ రాత్రి, ఆ రైతు వేసిన బల్లను చూసినప్పుడు తట్టింది. ఎక్కే మనిషి తన కాళ్ళ మీద తాను ఎక్కాలి, ఎక్కించేవాడు కిందికి వంగాలి.

మరునాడు ఉదయం అమ్మీ ఒక మాట చెప్పింది. “మా అబ్బా గూడుబండికి ఈ బాధ లేదురా. ఎడ్లను విప్పి కాడి నేల మీద దించితే బండి ముందుకు వంగి, మమ్మల్ని ఎక్కించుకునేది.” ఒంటె కూడా అంతే, మనిషి ఎక్కడానికి మోకరిల్లుతుంది. పట్టణాలలో వృద్ధుల కోసం ఒక పక్కకు వంగే లోఫ్లోర్ బస్సులు వచ్చాయి. మేము అద్దెకు తెచ్చిన కారవానులో ఫ్రిజ్ ఉంది, టీవీ ఉంది, రంగురంగుల దీపాలున్నాయి. వంగడం మాత్రం దానికి తెలియదు.

ఎండ ఎక్కకముందు మేనల్లుడూ నేనూ గురుభక్తులకొండ వైపు నడిచాము. కొండ వాలున సన్నని మెట్టలా ఉన్న రాతిపై బౌద్ధ భిక్షువులు నివసించిన విహారాల, చైత్యాల ఇటుక పునాదులు ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ వీటిని తవ్వి వెలికితీశారు. ఈ కొండలలో జైన విగ్రహాలు కూడా ఉన్నాయి. పదకొండవ శతాబ్ది ఆరంభంలో పాలించిన తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుని కాలపు శాసనం ఒకటి, త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ రామకొండకు వందనం చేసినట్టు చెబుతుంది. ఏడాదిలో అధికభాగం కాలినడకన తిరిగి, వర్షాకాలంలో ఒకచోట నిలిచే భిక్షువులు వారు. విశ్వాసాలు వేరైనా, మజిలీ ఎంచుకోవడంలో వారి తెలివి గమనించదగినది. గాలి ఆడే ఎత్తు, ఎండకు రాతి చాటు, దగ్గరలో నీరు. బిడారులు నడిపిన వారు కూడా బావులను బట్టే మజిలీలు నిర్ణయించుకున్నారు.

అక్కడ ఒక బండ మీద కూర్చుని మేము బండ్ల సంగతి మాట్లాడుకున్నాము. మేనల్లుడు చెప్పినది పాఠకులకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను.

మన దేశంలో కారవానుగా మార్చడానికి ఎక్కువగా వాడేది పుణెకు చెందిన ఫోర్స్ మోటార్స్ వారి ట్రావెలర్. ఆ కంపెనీ పేరు 2005 దాకా బజాజ్ టెంపో. 1987లో వచ్చిన ఈ వ్యానును మన జనం ఇప్పటికీ టెంపో ట్రావెలర్ అనే అంటారు. నిలువుగా నిలబడగల పైకప్పు, అవసరాన్ని బట్టి పొడుగులో రకాలు, ఏ ఊరిలోనైనా బాగుచేయగల మెకానిక్కు, ఇవి దాని బలాలు. ఎనిమిది, పదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబానికి అనువైనది. ఇంజను ముందుంటుంది, శక్తి వెనుక చక్రాలకు పోతుంది. కనుక నేలబల్ల కింద పొడుగాటి షాఫ్టు ఉంటుంది. ఆ కంపెనీదే అర్బేనియా అనే కొత్త వ్యాను కూడా ఉంది.

రెండవది టాటా వారి వింగర్. 2007లో వచ్చింది. దీనిలో ఇంజను శక్తి ముందు చక్రాలకే పోతుంది. వెనుకకు షాఫ్టు వెళ్ళదు. అందువల్ల నేలబల్లను కిందికి దించి కట్టే వీలుంది. చట్రము, ఒళ్ళు ఒకటిగా ఉండే నిర్మాణం కనుక ప్రయాణం కారును పోలి ఉంటుందని మేనల్లుడి అనుభవం. బురద దారిలో, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ముందు చక్రాలు జారే అవకాశం ఉంది.

మూడవది మహీంద్రా బొలెరో పికప్ మీద కట్టే చిన్న ఇల్లు. ఐఐటీ మద్రాస్ అండతో ఎదిగిన క్యాంపర్‌వ్యాన్ ఫ్యాక్టరీ అనే సంస్థతో కలిసి ఇటువంటివి తెస్తామని 2022లో మహీంద్రా ప్రకటించింది. నలుగురు పడుకోవచ్చు. ఇరుకు దారులకు, అరకు వంటి కొండదారులకు చిన్న బండి సుఖం. కానీ పికప్ సరుకు మోయడానికి పుట్టింది కనుక దాని నేల ఎత్తుగానే ఉంటుంది.

“మరి ఏది మంచిది?” అన్నాను.

“నిన్నటిదాకా ట్రావెలర్ అనేవాణ్ణి మామూ. లోపల చోటు ఎక్కువ, అద్దె ఎక్కువ వస్తుంది. రాత్రి నుంచి ఆలోచిస్తున్నాను. మంచి బండి అని విడిగా ఏదీ లేదు. ఎవరికి మంచిది అన్నదే ప్రశ్న.”

సామూహిక నమాజుకు నాయకత్వం వహించేవాడు వెనుక నిలిచినవారిలో బలహీనుణ్ణి దృష్టిలో ఉంచుకోవాలన్నది మేము విద్యార్థులకు చెప్పే మొదటి పాఠాలలో ఒకటి. బిడారుకు కూడా అదే నియమం అన్నాను.

దిగివచ్చేసరికి ఖాలా బండిలోనే ఉంది. రాత్రి అక్కడే, చెల్లెలి పక్కనే పడుకుంది. “జాతర జరిగే చోటికి పోదాం” అంది. ఇద్దరినీ బెల్టు కట్టి ముందు సీట్లలో కూర్చోబెట్టి, కోనేటి పక్క నుంచి మెల్లగా తీసుకువెళ్ళాము. అబ్బా దుకాణం ఈ రావిచెట్టు దగ్గరని ఒకరు, కాదు ఇంకా ముందుకని ఒకరు వాదించుకున్నారు. ఖాలా పల్లె దాటి ఆరేళ్ళయిందని అప్పుడు తెలిసింది. కారణం అడిగితే, “బస్సు మెట్టు ఎవలెక్కగలరు?” అంది. రైతు ఇచ్చిన బల్ల బండిలోనే వేసుకున్నాము. ఆగిన ప్రతిచోటా దించి వేశాము.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక పని మిగిలింది. మరుగుదొడ్డి కింది డబ్బా నిండింది. సుమారు 20 లీటర్లు పట్టే ఆ డబ్బాను ఎక్కడ ఖాళీ చేయాలి? పొలం గట్టున పారబోస్తే ఎవరు చూస్తారని ఎవరికైనా తోచవచ్చు. నీటి వద్ద, దారిలో, జనం కూర్చునే నీడలో మలవిసర్జన చేయడం శాపాన్ని తెచ్చే పని అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఖాలా ఇంటి మరుగుదొడ్డిలోనే పోసి, నీటితో కడిగాము. కారవానులో తిరగాలనుకునేవారు మొదట ఈ పనికి చేతులు సిద్ధం చేసుకోవాలి.

విజయవాడ చేరిన వారానికి అమ్మీని వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్ళాము. ముసలామెను ఎందుకు తెచ్చారని బాడీ కట్టే మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. నిలిపి ఉన్న బండ్లను ఒక్కొక్కటిగా ఆమె చేతనే ఎక్కించి చూశాము. చివరకు వింగర్ వద్ద ఆగాము. దానికి కూడా బయటికి లాగే మెట్టు ఒకటి అదనంగా, రెండు పక్కలా కడ్డీలు పెట్టించమన్నాము. టీవీ వద్దన్నాము. ఆ డబ్బుతో బాత్రూం తలుపు వెడల్పు చేయించమన్నాము, లోపల ఆమె పక్కన ఇంకొకరు నిలబడి సాయం చేయగలిగేంత. చెక్కకు బదులు అల్యూమినియం చట్రం వాడమన్నాము. మన తీరప్రాంతపు తేమకు, వాన నీరు సందుల్లోంచి దిగితే చెక్క కుళ్ళిపోతుంది. నీళ్ళ తొట్టిని ఇరుసుల నడుమ, కిందుగా పెట్టించాము. లీటరు నీటి బరువు కిలో. వంద లీటర్ల తొట్టి అంటే మరో ఇద్దరు మనుషులను మోసుకుపోవడమే.

కాగితాల విషయంలో మాత్రం మా ఇద్దరికీ కొంత మాటపట్టింపు వచ్చింది. ఎవరో అతనికి, ముందు మార్పించి తరువాత చూసుకోవచ్చునని సలహా ఇచ్చారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కారవానులకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దానికి లోబడి కట్టి, రిజిస్ట్రేషనులో ఆ మాట రాయించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మనల్ని ఆదుకోకపోవచ్చు. అద్దెకు ఎక్కే కుటుంబానికి అది చెప్పకపోవడం మోసం. “సక్రమమైన కాగితాలు ఉంటేనే నా సొమ్ము కలుస్తుంది” అన్నాను. రెండు రోజులు ముభావంగా ఉండి, ఒప్పుకున్నాడు. పని ఆలస్యమవుతోంది, ఖర్చూ పెరిగింది. అల్లాహ్ దయవల్ల వచ్చే శీతాకాలానికి పూర్తవుతుందని ఆశ.

సోదర సోదరీమణులారా, మీలో కారవాను కొనేవారు కొందరే ఉంటారు. కానీ పెళ్ళికో, బంధువుల ఇంటికో వ్యాను మాట్లాడుకోని కుటుంబం ఉండదు. అప్పుడు కిలోమీటరుకు ఎంత, ఏసీ ఉందా అని అడిగేముందు, ఇంటిలోని పెద్ద వయసు స్త్రీని వెంట తీసుకుపోయి, ఆ బండి ఎక్కి దిగి చూడమనండి. ఎత్తైతే ఒక బల్ల వెంట వేసుకోండి. ఎన్ని గంటలకొకసారి, ఎక్కడ ఆగాలో ముందే అనుకుని, ఆ సంగతి ఆమెకు చెప్పండి. చెబితేనే ఆమె నీళ్ళు తాగుతుంది.

రామతీర్థం నుంచి తెచ్చిన ఆ బల్లను తిరిగి పంపుతానని రైతుకు ఫోను చేశాను. వద్దన్నాడు. “అమ్మగారు మళ్ళీ వస్తారు కదా, అప్పుడు తెండి” అన్నాడు. అది మా గుమ్మం పక్కనే ఉంది. రోజూ సాయంత్రం అమ్మీ దాని మీద ఒక కాలు ఎక్కించి దించుతూ, మోకాలికి అలవాటు చేసుకుంటోంది.